ముందు సీటు మర్యాద

మా అత్తింట్లో ముందు సీటు పెద్దవాళ్ళది. కారులోనైనా, బస్సులోనైనా, ఆఖరికి సినిమా హాల్లోనైనా సరే. సినిమా హాల్లో ముందు వరసలో కూర్చుంటే మెడ పట్టేస్తుందని అందరికీ తెలుసు. అయినా మర్యాద మర్యాదే, మెడ మెడే. కాబట్టి పడవలో కూడా ముందు సీటు మా ఆడపడుచుదే అయింది. మా ఆయనకు అక్క, నాకు వదిన.

అది రెండు సీట్ల పడవ. చిక్కుడుకాయలా పొడుగ్గా, సన్నగా ఉంటుంది. ఒకరి వెనక ఒకరు కాళ్ళు చాపుకుని కూర్చోవాలి. చెరొక తెడ్డు. వదిన వాళ్ళాయన, అంటే మా అన్నయ్యగారు, బతికుండగా ముచ్చటపడి కొనుక్కున్న పడవ. ఆవిడ ముందు, ఆయన వెనక. రెండేళ్ళ క్రితం ఆయన పోయాక వెనక సీటు నాకొచ్చింది. అత్తింటివారి నుంచి నేను అడక్కుండా నాకు దక్కింది అదొక్కటే.

ఈ పడవ గురించి ఒక సంగతి చెప్పాలి. ముందు కూర్చున్నవాళ్ళు తెడ్డు వేస్తే పడవ కదులుతుంది, అంతే. ఎటు తిరగాలన్నది వెనకున్న మనిషి చేతిలో ఉంటుంది. తెడ్డు రెక్కని నీళ్ళలో ఒక పక్కన కాస్త ఆపి పట్టుకుంటే చాలు, పడవ బుద్ధిగా ఆ పక్కకి తిరుగుతుంది. ఈ కిటుకు బతికుండగా ఒకసారి ఒడ్డున నిలబడి నాకు నేర్పింది అన్నయ్యగారే. "ముందున్నవాళ్ళు చెప్తారమ్మా, వెనకున్నవాళ్ళు చేస్తారు. చెప్పిందే చెయ్యాలని రూలేం లేదు," అని కన్నుగీటారు. ఆ మాట వదినకు చెప్పొద్దని విడిగా చెప్పలేదు. నాకు ఆ మాత్రం తెలివి ఉందని నమ్మారు.

వదిన రైల్వే స్టేషన్లో అనౌన్సరుగా చేసి రిటైరయింది. ఫలానా బండి ఫలానా ప్లాట్‌ఫారం మీదికి అని చెప్పడం, అది అక్కడికే రావడం, ఉద్యోగం అంతా అలాగే గడిచింది. చెప్పడం వల్లే బండి వస్తుందని ఆవిడ నమ్మకం. పడవలోనూ అంతే. "ఎడమకి పోనీ," అంటుంది. నాకు బుద్ధి పుడితే ఎడమకి పోతాం. పుట్టకపోతే, "గాలి వదినా, లాగేస్తోంది," అంటాను. గాలికి నోరు లేదు కాబట్టి మా మధ్య ఇంతకాలం పొరపొచ్చాలు రాలేదు.

పోయిన ఏడు చలి ముదరక ముందు ఒక పొద్దున, సరస్సు మీద రెల్లు దుబ్బుల పక్కన పడవ ఆపాం. బూడిదరంగు కొంగ ఒకటి ఒంటికాలి మీద నిలబడి ఉంది. అది ఎగిరిపోతుందేమోనని నేను తెడ్డు ఒళ్ళో పెట్టుకుని, ఊపిరి బిగబట్టి చూస్తున్నాను. ఉన్నట్టుండి వదిన నడుము విరిగేలా వెనక్కి తిరిగింది. చిక్కుడుకాయ మీద కూర్చుని ఎవరైనా అలా తిరిగితే ఏమవుతుందో అదే అయింది. ఇద్దరం నీళ్ళలో ఉన్నాం. అక్కడ నడుము లోతు కూడా లేదు. నా చెప్పు ఒకటి బురదలో పోయింది, కొంగ నవ్వుకుంటూ ఎగిరిపోయింది, నష్టం అంతవరకే.

"గాలిరా తమ్ముడూ, ఒక్కసారిగా కొట్టింది," అని వదిన ఇంటికొచ్చి మా ఆయనతో చెప్పింది. ఆ పొద్దున ఆకు కూడా కదల్లేదు. గాలి మీదికి తోసెయ్యడం నాకూ అలవాటైన పనే.

తరవాత చలికాలం వచ్చింది, పడవల షెడ్డుకి తాళం పడింది. వదిన మా కింద అంతస్తులో ఉంటుంది. పాలవాడితో మాట్లాడినా, ఫోన్లో మాట్లాడినా ఆవిడ గొంతు మా వంటగది నేలలోంచి పైకి వినిపించేది. ఏ ఊరి చుట్టానికి ఏం ఆపరేషనయిందో నాకు గిన్నెలు తోముకుంటూనే తెలిసిపోయేది. ఆ చలికాలమంతా కింది నుంచి చప్పుడు లేదు. ఆవిడ కిటికీ దగ్గర కుర్చీలో కూర్చునేది. నేను వెళ్తే అక్కడే, మా ఆయన వెళ్తే అక్కడే. కూరగాయలకి కూడా కిందికి దిగడం మానేసింది. "అక్క బాగానే ఉంది, కూర్చుంది," అనేవారు మా ఆయన. కళ్ళద్దాల దుకాణం ఆయనది. పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా కూర్చున్నవాళ్ళనే చూస్తారు, అందుకని ఆయనకది వింతగా తోచలేదు. నేను మాత్రం షెడ్డు ఎప్పుడు తెరుస్తారా అని చూశాను. పడవెక్కితే ఆవిడ గొంతు తిరిగొస్తుందని నా ఆశ.

షెడ్డు తెరిచారు. వసంతం వచ్చింది. వచ్చిందని కాలెండరు చెప్పింది, ఆకాశం మాత్రం ఒప్పుకోలేదు. పొద్దున లేచేసరికి ఎండ, పళ్ళు తోముకునేసరికి మబ్బు, మెట్లు దిగేసరికి తుంపర, గొడుగు తెచ్చుకునేసరికి మళ్ళీ ఎండ. అత్తగారి మెచ్చుకోలులాగా ఎంతసేపుంటుందో తెలియని ఎండ.

షెడ్డు చూసుకునే ఆయన్ని అందరూ తాళాలాయన అంటారు. నడుముకి వేలాడే గుత్తి వల్ల ఆయన రాక ముందే ఆయన చప్పుడు వస్తుంది. ఆయనకొక నియమం ఉంది. షెడ్డులో ఉన్న అరలు కొన్ని, చోటు కోసం ఎదురుచూసేవాళ్ళు బోలెడు. కాబట్టి వసంతకాలంలో ఏ పడవైనా వారమంతా నీళ్ళ మొహం చూడకపోతే దాని అర ఇంకొకరికి పోతుంది. చూడడమంటే ఊరికే తడిపి తేవడం కాదు. దూరంగా నీళ్ళ మీద తేలే పసుపు పీపా ఒకటుంది, దాన్ని చుట్టి రావాలి. చలికి జడిసేవాళ్ళు అరలు ఆక్రమించుకుని ఎండాకాలంలో మాత్రం వచ్చి వాలకూడదని ఆయన పెట్టిన పరీక్ష.

ఎదురుచూసేవాళ్ళలో మొదటివాడు పళ్ళ డాక్టరు. ఆయన చోటు దొరక్కముందే పడవ కొనేసి, క్లినిక్కులో పేషెంట్లు కూర్చునే గదిలో పెట్టుకున్నాడు. పంటి నొప్పితో వచ్చినవాళ్ళు దానికి చేరగిలబడి మూలుగుతున్నారట. రోజూ పొద్దున షెడ్డుకి వచ్చి మా పడవని పలకరించేవాడు. "బాగున్నారా అమ్మా? మీ వదినగారు కులాసానా? ఈ వారం వెళ్తున్నారా?" అని అన్ని పళ్ళూ కనిపించేలా నవ్వేవాడు. చెడ్డవాడు కాడు. చెడ్డవాడైతే నాకు సులువుగా ఉండేది.

మా అర పోతే పడవని మూడంతస్తుల మెట్లెక్కించే దారి లేదు. అమ్ముకోవాల్సిందే. పడవ పోతే వదిన ఆ కిటికీ దగ్గర కుర్చీలోంచి ఇంక లేవదని నాకు తెలుసు. ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ పట్టినట్టు లేదు.

నేను పొద్దున్నే కిందికి దిగి బెల్లు కొట్టేదాన్ని. వదిన తలుపు తీసేది. ఆశ్చర్యమేమిటంటే రోజూ తయారై ఉండేది. బూట్ల తాళ్ళు కట్టుకుని, జాకెట్టు జిప్పు గొంతుదాకా లాక్కుని, తలకి టోపీతో సహా. అంతా అయ్యాక కిటికీ దాకా వెళ్ళి, గొంతు సవరించుకునేది.

"గమనిక. పడమర నుంచి మబ్బులు రావలసి ఉన్నందున ఈ ఉదయపు పడవ రద్దు చేయడమైనది."

"రావలసి ఉన్నాయి, అంతేగా వదినా? రాలేదుగా. మీ బళ్ళు ఏనాడైనా చెప్పిన టైముకి వచ్చాయా?"

"నోరు మూసుకుని కాఫీ తాగు."

ఇంకో రోజు చినుకు. ఇంకో రోజు గాలి. ఒక రోజు వడగళ్ళు పడ్డాయి, ఆ రోజు ఆవిడ మొహంలో పండగ కళ కనిపించింది. ఒక్కసారి మాత్రం గాలి గోలగోలగా ఉన్న పొద్దున, షెడ్డులో వాళ్ళందరూ ఒకేసారి బయల్దేరి అరుచుకుంటూ వెళ్తుంటే, వాళ్ళ మధ్యలో మేమూ వెళ్ళి పీపా చుట్టి వచ్చేశాం. దారి పొడుగునా వదిన నోరు మూతపడలేదు. "ఇవాళ కూరేం చేశావ్? ఉప్పు చూశావా? తమ్ముడు డబ్బా పట్టుకెళ్ళాడా? మూత గట్టిగా పెట్టావా? ఏమే, మూత పెట్టావా లేదా?" నేను ఒక్కోదానికి "ఊఁ," "ఆఁ," "పెట్టాను," అని వెనకనుంచి జవాబు చెప్తూ, ఎంత రిటైరయినా మైకు వదల్లేదు ఈవిడ అనుకున్నాను.

నీళ్ళంటే భయం పట్టుకుందని నేను తేల్చుకున్నాను. పడవ బోల్తాపడింది కదా, ఎవరికైనా పట్టుకుంటుంది. బీఏలో సైకాలజీ చదువుకున్నదాన్ని, ఆ మాత్రం గ్రహించలేనా? అందుకని ప్రశాంతమైన రోజుల కోసం కాచుకున్నాను. గాలి లేకుండా, సరస్సు అద్దంలా ఉండే పొద్దున్నల కోసం. అలాంటివి రెండొచ్చాయి. రెండుసార్లూ షెడ్డు దాకా నడిచి, గట్టున బెంచీ మీద కూర్చుని, ఫ్లాస్కులో టీ తాగి ఇంటికొచ్చాం.

"ఇంత మెదలకుండా ఉందంటే వెనకాల ఏదో వస్తోంది," అంది వదిన నీళ్ళని చూస్తూ.

"ఏమీ రావట్లేదు వదినా, ఎండ వస్తోంది."

"నీకేం తెలుసు?"

ఒక వారం వదిన జలుబని పడుకుంటే నేనొక్కదాన్నే పడవ దింపాను. ముందు మనిషి లేకపోతే రెండు సీట్ల పడవ ముక్కు పైకెత్తుతుంది. బదిలీ మీద వచ్చిన కొత్త ఆఫీసరులా తల ఎగరేసుకుని, గాలి ఎటు తోస్తే అటు గిర్రున తిరిగింది. ఒడ్డు నుంచి పళ్ళ డాక్టరు మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగి, చేతులు జాపి, "కంగారుపడకండమ్మా! ముక్కుతో ఊపిరి తీసుకోండి! ఇదిగో, అయిపోయింది, అయిపోయింది!" అని అరిచాడు. అలవాటు మరి. కిందామీదా పడి పీపా చుట్టి వచ్చాను. తాళాలాయన పడవ అందుకుని, కట్టేసి, చేతులు తుడుచుకున్నాడు.

"కష్టపడ్డారు. కానీ ఇద్దరి పడవ ఒకరు తీస్తే లెక్కలోకి రాదమ్మా."

"ఎందుకు రాదు? పడవ తడిసింది, నేను తడిశాను."

"ఆ లెక్కన ఈయన కూడా తడిశాడు," అన్నాడు డాక్టరు వైపు చూపించి. "పెద్దావిడకి ఒంట్లో బాగాలేదంటున్నారు కాబట్టి ఈ వారం నేను చూడలేదనుకుంటాను. వచ్చే శనివారం దాకా ఆగుతాను. తరవాత నన్ను తిట్టుకోవద్దు."

ఆ వచ్చే వారం వానతోనే మొదలైంది. సోమవారం వాన, మంగళవారం వాన, బుధవారం ఎండా వానా కలిసి, గురువారం గాలి. ప్రతిరోజూ వదిన జిప్పు లాక్కుని తయారయింది, ప్రతిరోజూ రద్దు చేసింది. శుక్రవారం తెల్లారేసరికి అన్నీ ఆగిపోయాయి. నీళ్ళ మీద పల్చటి మంచు, చీమ చిటుక్కుమన్నా వినిపించేంత నిశ్శబ్దం. "ఇవాళ రద్దు చేస్తే పళ్ళ డాక్టరు మన అరలో ఉంటాడు," అన్నాను. వదిన కిటికీ దాకా వెళ్ళకుండానే మెట్లు దిగింది.

ముందు ఆవిడ ఎక్కింది, వెనక నేను. బయల్దేరాం. ఒడ్డు దాటగానే ప్రశ్నలు మొదలయ్యాయి.

"గ్యాసు కట్టేశావా?"

"ఆఁ."

"తలుపు?"

"వేశాను."

"తమ్ముడి దగ్గు తగ్గిందా?"

"తగ్గింది."

"తడి టవలు మంచం మీద పడేస్తున్నాడా ఇంకా?"

నాకు లోపలి కోతి బుద్ధి కదిలింది. ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పకపోతే ఏమవుతుందో చూద్దామనిపించింది. తెడ్డు కూడా ఆపాను. పీపా ఇంకా అంత దూరాన ఉంది. పడవ దానంతటదే మెత్తగా జారుతోంది.

"ఏమే, టవలు?"

నేను పలకలేదు.

వదిన తెడ్డు గాలిలోనే ఆగిపోయింది. భుజాలు చెవుల దాకా లేచాయి. తిరిగి చూడబోయి, తిరిగితే ఏమవుతుందో గుర్తొచ్చి, తెడ్డు ఒళ్ళో పడేసి పడవ అంచులు రెండు చేతులా పట్టేసుకుంది. "అమ్మాయ్," అంది. ప్లాట్‌ఫారం ఈ చివర నుంచి ఆ చివరికి వినిపించే గొంతు, నాకు మూడడుగుల దూరంలో, వినీ వినిపించకుండా వచ్చింది. "అమ్మాయ్, ఉన్నావా?"

"ఉన్నాను వదినా, ఉన్నాను. ఇక్కడే ఉన్నాను."

"ఒడ్డుకి తీసుకుపో."

తీసుకొచ్చాను. దారంతా నోటికొచ్చిందల్లా మాట్లాడుతూనే ఉన్నాను. టవలు గురించే చాలాసేపు చెప్పానని గుర్తు. బెంచీ మీద కూర్చోబెట్టి టీ పోసిచ్చాను. కప్పు రెండు చేతులతో పట్టుకుంది, తాగలేదు.

"నీళ్ళంటే అంత భయమైతే ముందే చెప్పొచ్చు కదా వదినా."

"నీళ్ళా?" అంది. "నడుము లోతు లేవు, వాటికేం భయపడతానే?"

మంచు విచ్చుకుంటోంది.

"ఆ రోజు నేను పొయ్యి దగ్గరున్నాను. ఆయన నా వెనకాల కుర్చీలో కూర్చున్నారు. నేను ఎదురింటివాళ్ళ కుక్క సంగతి చెప్తున్నాను. అది ఎవరి చెప్పు ఎత్తుకుపోయిందీ, వాళ్ళేమన్నారూ, వీళ్ళేమన్నారూ. ఊఁ కొడుతున్నారనే అనుకున్నాను. చాలాసేపు చెప్పాను. కూర ఉడికిందాకా చెప్పాను." కప్పులోకి చూసింది. "కుక్క సంగతి."

అన్నయ్యగారు వంటింటి కుర్చీలోనే పోయారని మా అందరికీ తెలుసు. కుక్క సంగతి ఎవరికీ తెలియదు.

"వెనకాల చప్పుడు ఆగితే నా ఒళ్ళు నా మాట వినదు," అంది. "ఇంటి దగ్గర నయం. గోడకి ఆనించుకుని కూర్చుంటాను."

కుర్చీ కిటికీ దగ్గర ఎందుకుందో నేను చలికాలమంతా ఆలోచించాను. దాని వీపు గోడకి ఆనుకుని ఉందన్న సంగతి ఆ రోజు దాకా నాకు తట్టలేదు. నా సైకాలజీకి సెకండ్ క్లాసు ఎందుకిచ్చారో అర్థమైంది.

మందు సులువైనదే. ఆవిడ వెనక కూర్చోవాలి. వెనకుంటే ఆవిడ వెనకాల ఎవరూ ఉండరు, ఎదురుగా నా వీపు కనబడుతూ ఉంటుంది. చంటిపిల్లలకి కూడా తెలుస్తుంది. కానీ మా వదినతో "మీరు వెనక కూర్చోండి" అని ఎవరంటారు? ఆ సాయంత్రం మా ఆయన్ని అడిగాను.

"మీ అక్కతో మీరు చెప్పండి."

"నేనా?" అన్నారు. శుభ్రంగా ఉన్న కళ్ళద్దాలు తీసి మళ్ళీ తుడుచుకున్నారు. "చిన్నప్పుడొకసారి జెయింట్ వీల్లో నేను ముందెక్కానని వారం రోజులు మాట్లాడలేదు తెలుసా?"

"అప్పుడు మీకెన్నేళ్ళు?"

"నాలుగో ఐదో. నువ్వే చెప్పు. నీకైతే ఏదో ఒక ఉపాయం తడుతుంది."

తట్టింది. తట్టకపోయినా బాగుండేది. రాత్రి అన్నాల గిన్నెలు తోముతూ దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాను. నా సంగతి కూడా చెప్పుకోవాలి కదా. ఇంట్లో ఏ కూర వండాలన్నది తప్ప, ఎటు పోవాలన్నది నా చేతిలో పెట్టినవాళ్ళు లేరు. సెలవులకి ఎక్కడికెళ్ళాలో మా ఆయన చెప్తారు, సోఫా ఏ గోడకి వెయ్యాలో అత్తగారు బతికుండగా చెప్పి వెళ్ళారు, అది ఇప్పటికీ అక్కడే ఉంది. ఆ వెనక సీట్లో మాత్రం మణికట్టు కాస్త వంచితే చాలు, అంత పొడుగు పడవా, అంత గొంతున్న ఆడపడుచూ, ఇద్దరూ నేననుకున్న వైపు తిరిగేవాళ్ళు. ఎవరికీ తెలియకుండా. తెలియకపోవడమే అందులో రుచి.

శనివారం పొద్దున ఆకాశం తన దగ్గరున్నవన్నీ బయటపెట్టింది. ఒక మూల ఎండ, ఒక మూల నల్లమబ్బు, మధ్యలో గాలి. వదిన తలుపు తీసింది. బూట్లు, జిప్పు, టోపీ. కిటికీ దగ్గరకి వెళ్ళబోయింది.

"రద్దు చేస్తే చేద్దురుగాని, అక్కడికొచ్చి చెయ్యండి," అని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను.

పళ్ళ డాక్టరు వచ్చే ఉన్నాడు. టేపు కూడా తెచ్చుకున్నాడు, పాపం, మా అర కొలుచుకోడానికి. మమ్మల్ని చూసి జేబులో పెట్టేసుకున్నాడు. మర్యాదస్తుడు కాబట్టి తాళాలాయనతో కలిసి పడవ దింపి, కదలకుండా పట్టుకున్నాడు.

"వదినా, ఇవాళ నేను ముందు కూర్చుంటాను. నడుం పట్టేసింది. ముందు సీటుకి ఆనుకోడానికి బాగుంటుంది."

"నడుం పట్టేసినదానివి పొద్దున బీరువా ఎలా జరిపావ్? నా నెత్తి మీదే జరిపావు."

"అది కాదు, చూపు కూడా సరిగ్గా ఆనట్లేదు. మీ తమ్ముడు కొత్త అద్దాలు రాశారు."

"నా తమ్ముడు నీకు అద్దాలు రాస్తే నాకు చెప్పకుండా ఉంటాడా? ఏమిటి నీ నాటకం? నేను పెద్దదాన్నయ్యాను, వెనక్కి పోయి కూర్చోమంటావు, అంతేనా?" ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నిన్న బెంచీ మీద నాతో ఆ మాట ఎందుకు చెప్పానా అని ఆవిడ పశ్చాత్తాపపడుతోందని తెలుస్తూనే ఉంది. జాలిపడి వెనక కూర్చోబెడితే ఆవిడ కూర్చోదు. ఇంటికెళ్ళి గోడకి ఆనుకుంటుంది.

డాక్టరు పడవ పట్టుకుని నీళ్ళ వైపు చూస్తున్నాడు, వినడం లేదన్నట్టు. నేను గుండె రాయి చేసుకున్నాను.

"నడిపేది వెనకున్నవాళ్ళే వదినా."

"ఏంటి?"

"పడవని. తిప్పేదంతా వెనకనుంచే. ముందున్నవాళ్ళ చేతిలో ఏమీ ఉండదు. మీరు ఎడమ అన్నప్పుడు నాకు ఎడమకి పోవాలనిపిస్తే పోయేదాన్ని. లేకపోతే లేదు."

"గాలి అనేదానివి కదే!"

"అనేదాన్ని."

వదిన నోరు తెరిచింది, మూసింది. డాక్టరు ఆ నోటి వంక వృత్తిరీత్యా ఒకసారి చూశాడు.

"మరి ఆయన?" అంది. "ఆయన కూడానా?"

"అన్నయ్యగారే నాకు నేర్పారు."

"ఇన్నేళ్ళూ?" ఆవిడ మొహం ఎర్రబడింది. "ఇన్నేళ్ళూ నేను ఎడమ, కుడి అని గొంతు చించుకుంటుంటే, ఆ మనిషి వెనకాల కూర్చుని... ఇంటికెళ్ళాక చెప్తాను ఆయన సంగతి!"

మాట బయటికొచ్చాక ఆవిడకే వినిపించింది. తాళాలాయన గుత్తి చప్పుడు కూడా ఆగింది. గాలి మాత్రం ఆగకుండా వీస్తోంది. వదిన పెదవులు వణికి, వణికి, చివరికి ఒక పక్కకి వంగాయి. అది ఏడుపనుకున్నాను. నవ్వు.

"దొంగ మొహం," అంది. "దొంగ మొహంగాడు." తరవాత నా వైపు తిరిగింది. "నువ్వూ దొంగ మొహానివే. అడ్డు లే. అది నా సీటు."

వెనక సీట్లో కూర్చుంది. తెడ్డు అందుకుంది. నేను ముందెక్కాను.

ముందు సీట్లో అదే మొదటిసారి కూర్చోవడం. ఎదురుగా ఎవరూ లేరు. వదిన టోపీ లేదు, భుజాలు లేవు, అన్నీ నీళ్ళే, మొహాన గాలి. పడవ మొదట పళ్ళ డాక్టరు వైపు వెళ్ళింది, ఆయన చటుక్కున కాలు తీశాడు. తరవాత రెల్లులోకి వెళ్ళింది. తరవాత వెనక్కి వచ్చింది.

"తెడ్డు ఎటు పట్టుకుంటే అటు తిరుగుతుంది వదినా, కొంచెం మెల్లిగా..."

"నాకు తెలుసు. నువ్వు తెడ్డు వెయ్యి."

వేశాను. పాము పాకినట్టు పోతున్నాం. వెనకనుంచి ప్రశ్నల్లేవు. గ్యాసు గురించి అడగలేదు, మూత గురించి అడగలేదు. తెడ్డు చప్పుడు ఉంటోంది, ఆగుతోంది, మళ్ళీ ఉంటోంది. ఆగినప్పుడల్లా నాకే వెనక్కి తిరిగి చూడాలనిపించింది. బిగబట్టుకుని కూర్చున్నాను.

"నీ జుట్టు వెనకాల అంతా తెల్లబడిందే," అంది కాసేపయ్యాక. "ఎప్పుడూ చూడలేదు."

"చూడకపోయినా బాగుండేది."

"జాకెట్టు కుట్టు కూడా ఊడింది. ఒక్కటీ చూసుకోవు."

పీపా వచ్చింది. దాన్ని చుట్టడానికి బదులు గుద్దాం. ఖంగుమని మోగింది. ఒడ్డున తాళాలాయన చెయ్యెత్తాడు, చూశానన్నట్టు. గుద్దినా లెక్కే కాబోలు. మళ్ళీ ప్రయత్నించి చుట్టాం. అప్పుడే నల్లమబ్బు మా మీదికి వచ్చి జల్లు కొట్టింది. మిగతా పడవలు ఒక్కొక్కటే ఒడ్డుకి తిరుగుతున్నాయి.

"అయిపోయింది కదా, ఇంక తిప్పండి వదినా. తడిసిపోతాం."

"తడిశాంగా ఇప్పటికే. కూర్చో."

"ఎక్కడికి?"

పడవ ముక్కు వంకరటింకరగా అవతలి ఒడ్డు వైపు తిరిగింది. ఇన్నాళ్ళలో నేనెప్పుడూ అటు పోలేదు. వదిన చాలాసార్లు అడిగింది, ప్రతిసారీ గాలి లాగేసింది. దూరం, చేతులు నొప్పి, ఇంటి దగ్గర పని. ఆ రోజు మాత్రం నా చేతిలో ఏమీ లేదు. వాన తగ్గి, ఎండొచ్చి, ఆ ఎండలోనే మళ్ళీ సన్నగా చినుకు మొదలయ్యేసరికి అక్కడికి చేరాం.

అవతలి ఒడ్డున ఏమీ లేదు. పాతబడిన పంపు గది ఒకటి, దాని కప్పు మీద ఎవరో ఆరేసి మర్చిపోయిన దుప్పటి, తడిసి ముద్దయినది.

"చూశావా?" అంది వదిన, అదంతా తనే దగ్గరుండి కట్టించినట్టు.

"చూశాను."

"రేపు ఇంకాస్త పెందలాడే లే. దీని పక్కనుంచి పాయ ఒకటి లోపలికి పోతోంది."